లిస్టింగ్‌కు ముందే షేర్లు కొనాలంటే: అమ్ముకునే దారి నుంచి మొదలుపెట్టండి

"ఆరు నెలల్లో ఐపీఓ వస్తోంది, ఇప్పుడు కొంటే లిస్టింగ్ రోజున డబుల్" అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. ఐపీఓ అంటే కంపెనీ తొలిసారి జనానికి షేర్లు అమ్మడం, లిస్టింగ్ అంటే ఆ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో ట్రేడింగ్‌కి రావడం. ఒక్కోసారి ఆ మాట నిజమే అవుతుంది. టాటా టెక్నాలజీస్ 2023 నవంబరులో 500 రూపాయల ఇష్యూ ధరతో వచ్చి, మొదటిరోజే 1,200 దగ్గర ట్రేడింగ్ మొదలుపెట్టింది. అది చూశాక చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం.

ఇంకో కంపెనీని చూడండి. హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ షేర్లని అన్‌లిస్టెడ్ మార్కెట్లో, అంటే ఎక్స్ఛేంజీ బయట డీలర్ల దగ్గర, చాలామంది 1,200 రూపాయలకి పైన పెట్టి కొన్నారు. 2025 జూన్‌లో ఐపీఓ గరిష్ఠ ధర 740 అని ప్రకటించారు. లిస్టింగ్ రోజున 835 దగ్గర మొదలైంది. ఐపీఓలో దరఖాస్తు పెట్టి కొన్నవాళ్ళు లాభంలో ఉన్నారు, వాళ్ళకంటే ముందు తొందరపడి కొన్నవాళ్ళు నష్టంలో ఉన్నారు. కంపెనీ అదే, రోజు అదే.

అందుకే ఈ పనిని నేను ఎప్పుడూ వెనక నుంచి మొదలుపెట్టమంటాను. ఈ షేరుని రేపు ఎవరు కొంటారు, ఎప్పుడు కొంటారు, వాళ్ళకి అమ్మే హక్కు నాకుందా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే డబ్బు తీయాలి. కింద చెప్పే అడుగులన్నీ ఆ జవాబుల కోసమే.

మొదటి అడుగు: ఎంత డబ్బు, ఎన్నేళ్ళు

ఇక్కడ పెట్టే డబ్బుని మధ్యలో వెనక్కి తీసుకోవడం మీ చేతిలో ఉండదు. "ఆరు నెలల్లో ఐపీఓ" అన్నది అమ్మేవాడి అంచనా మాత్రమే. భారత నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2016 డిసెంబరులోనే ఐపీఓ ముసాయిదా పత్రాలు దాఖలు చేసింది. 2025 ముగిసినా లిస్టింగ్ జరగలేదు. ఆ కంపెనీ మంచి లాభాల్లో ఉంది, డివిడెండ్లూ ఇచ్చింది, అయినా అన్నేళ్ళు పట్టింది. అమెరికాలో ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ 2010లో పుట్టింది. 2021లో దాని విలువ 95 బిలియన్ డాలర్లన్నారు, 2023లో 50 బిలియన్లన్నారు. ఆ రెండుసార్లూ అది ప్రైవేటు కంపెనీయే.

కాబట్టి ఇల్లు కొనడానికి దాచినది, పిల్లల ఫీజులకి పెట్టుకున్నది, అప్పు తెచ్చినది ఏదీ ఇక్కడికి రాకూడదు. అయిదారేళ్ళు ముట్టుకోకపోయినా, మొత్తం పోయినా ఇల్లు నడిచేంత మొత్తమే పెట్టండి. నా మటుకు మొత్తం పొదుపులో అయిదు శాతం దాటనివ్వను, అది కూడా ఒకే కంపెనీలో కాదు.

రెండో అడుగు: చట్టం మిమ్మల్ని కొననిస్తుందా

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఇలాంటి చాలా డీల్స్‌కి మీరు "అక్రెడిటెడ్ ఇన్వెస్టర్" అయి ఉండాలి. అంటే గత రెండేళ్ళూ ఏడాదికి 2 లక్షల డాలర్లకి మించిన ఆదాయం, భార్యాభర్తలిద్దరిదీ కలిపితే 3 లక్షలు. లేదా ఉంటున్న ఇల్లు మినహాయించి 10 లక్షల డాలర్లకి మించిన నికర ఆస్తి. 2020 నుంచి కొన్ని వృత్తిపరమైన లైసెన్సులున్నవాళ్ళకీ ఆ అర్హత ఇచ్చారు.

భారత్‌లో ఇప్పటికే షేర్లున్నవాళ్ళ దగ్గర కొనడానికి అలాంటి ఆదాయ పరిమితి లేదు. అందుకే ఇక్కడ తలుపు తెరిచినట్టే కనిపిస్తుంది. అయితే ఆ కొనుగోలు ఎక్స్ఛేంజీ బయట జరుగుతుంది. సెటిల్మెంట్‌కి ఎక్స్ఛేంజీ హామీ ఉండదు, తేడా వస్తే ఎక్స్ఛేంజీలో ఫిర్యాదు చేసే దారీ ఉండదు. అన్‌లిస్టెడ్ షేర్లతో లావాదేవీలు నడిపే అనుమతి లేని ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల గురించి 2024 డిసెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇన్వెస్టర్లని హెచ్చరించింది కూడా. యాప్ అందంగా ఉందని అదీ ఓ ఎక్స్ఛేంజీ అనుకోవద్దు.

మూడో అడుగు: ఏ దారిలో కొంటున్నారు

షేర్లు మీ దాకా వచ్చే దారులు ప్రధానంగా నాలుగు. కంపెనీయే కొత్త షేర్లు జారీ చేసే ఫండింగ్ రౌండ్ ఒకటి. ఉద్యోగులో పాత ఇన్వెస్టర్లో తమ దగ్గరున్నవి అమ్మడం రెండోది. ఫండ్ ద్వారా వెళ్ళడం మూడోది. ఒక్క కంపెనీలో వాటా కొనడానికే పెట్టే ప్రత్యేక సంస్థ, దాన్ని ఎస్‌పీవీ అంటారు, అది నాలుగోది.

మామూలు ఇన్వెస్టర్‌కి తరచుగా తగిలేవి రెండోదీ నాలుగోదీ. రెండోదాంట్లో షేర్లు మీ పేరు మీదికే వస్తాయి. నాలుగోదాంట్లో మీకు వచ్చేది ఆ ఎస్‌పీవీలో వాటా, కంపెనీలో కాదు. ఒక్కోసారి ఆ ఎస్‌పీవీకీ నేరుగా షేర్లుండవు, ఇంకో ఎస్‌పీవీలో వాటా ఉంటుంది. ప్రతి అంతస్తులోనూ ఫీజు కోసుకుంటారు. అన్నిటికంటే కింద ఉన్నవాడికి అసలు షేరు ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. అందుకే ఎస్‌పీవీ అనగానే ఒకే ప్రశ్న అడగండి: "కంపెనీ షేర్‌హోల్డర్ల రిజిస్టర్లో ఉన్న పేరు ఎవరిది? దానికి కాగితం చూపించండి." చూపించలేకపోతే అక్కడే ఆగిపోండి.

షేర్ల పేరుతో అమ్మే డిజిటల్ టోకెన్ల సంగతీ ఇలాంటిదే. 2025లో ఒక బ్రోకరేజీ యూరప్‌లో ఓపెన్‌ఏఐ పేరు మీద టోకెన్లు ఇస్తే, అవి తమ ఈక్విటీ కావని ఓపెన్‌ఏఐయే బహిరంగంగా చెప్పింది.

నాలుగో అడుగు: మీ చేతికి వచ్చే షేరు ఏ రకం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నష్టాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, అమ్మేవాళ్ళు తక్కువగా మాట్లాడేదీ ఇక్కడే.

స్టార్టప్‌లలో పెద్ద ఇన్వెస్టర్లు మామూలు ఈక్విటీ కొనరు, ప్రిఫరెన్స్ షేర్లు కొంటారు. కంపెనీని అమ్మేసినా మూసేసినా ముందు వాళ్ళు పెట్టిన డబ్బు వాళ్ళకి ఇచ్చాకే మిగతావాళ్ళకి అనే షరతు సాధారణంగా వాటితో వస్తుంది. ఉద్యోగి దగ్గర మీరు కొనే షేరుకి ఆ రక్షణ ఉండదు. పేపర్లో వచ్చే "ఇన్ని కోట్ల వాల్యుయేషన్" మాత్రం అన్ని షేర్లూ ఒకటే అన్నట్టు వేసిన లెక్క.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చివరి రౌండ్లో ఒక కంపెనీకి 600 కోట్ల విలువ కట్టారనుకోండి. అందులో 30 శాతం ఇన్వెస్టర్ల ప్రిఫరెన్స్ షేర్లు, వాళ్ళు ఇంతవరకు పెట్టిన డబ్బు 120 కోట్లు. మిగతా 70 శాతం ఫౌండర్లవీ, ఉద్యోగులవీ, మీలాంటివాళ్ళవీ మామూలు షేర్లు. మీరు ఆ 600 కోట్ల విలువ మీదే లక్ష రూపాయలు పెట్టి కొన్నారు. తర్వాత వ్యాపారం దెబ్బతిని కంపెనీని 150 కోట్లకి అమ్మేశారు. విలువ నాలుగో వంతుకి పడింది కదా, లక్షకి పాతికవేలైనా వస్తాయనిపిస్తుంది. రావు. ముందు 120 కోట్లు ప్రిఫరెన్స్ వాళ్ళు తీసుకుంటారు. మిగిలిన 30 కోట్లని, ఒకప్పుడు 420 కోట్లు అనుకున్న మామూలు షేర్లన్నీ పంచుకోవాలి. మీ చేతికి వచ్చేది ఏడువేల చిల్లర.

ఐపీఓ వచ్చేసరికి సాధారణంగా ప్రిఫరెన్స్ షేర్లన్నీ మామూలు ఈక్విటీగా మారిపోతాయి, అప్పుడు ఈ తేడా పోతుంది. కానీ అక్కడా ఒక మెలిక ఉంటుంది. అమెరికాలో చెల్లింపుల కంపెనీ స్క్వేర్ 2014లో చివరి రౌండ్ ఇన్వెస్టర్లకి షేరు 15.46 డాలర్లకి ఇచ్చింది. 2015 నవంబరులో ఐపీఓ ధర 9 డాలర్లకి పడిపోయింది. ఐపీఓలో 20 శాతం లాభం రాకపోతే అదనంగా షేర్లివ్వాలని ఆ ఇన్వెస్టర్లు ముందే రాయించుకున్నారు, ఇచ్చారు. ఆ అదనపు షేర్ల భారం పడింది మిగతా షేర్‌హోల్డర్ల వాటా మీద.

అందువల్ల మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నాకు వచ్చేది ఏ తరగతి షేరు, దాని ముందు వరసలో ఎంత డబ్బు నిలబడి ఉంది, ఈసాప్‌లూ (ఉద్యోగులకి ఇచ్చిన షేర్ హక్కులు) కన్వర్టిబుల్సూ (తర్వాత షేర్లుగా మారే పత్రాలు) అన్నీ షేర్లుగా మారితే మొత్తం ఎన్ని షేర్లవుతాయి. ఆ మూడో అంకె తర్వాత ధర దగ్గర కూడా పనికొస్తుంది.

అయిదో అడుగు: అమ్మేవాడికి అమ్మే హక్కుందా

ప్రైవేటు కంపెనీల్లో షేరు చేతులు మారాలంటే తరచుగా బోర్డు ఒప్పుకోవాలి. అంతకంటే ముందు, కంపెనీకో పాత ఇన్వెస్టర్లకో "అదే ధరకి ముందు మేం కొంటాం" అనే హక్కు ఉంటుంది. మీరు బేరం కుదుర్చుకున్నాక కంపెనీ ఆ హక్కు వాడుకుంటే డీల్ పోతుంది. పైగా మంచి ధరకి దొరికిన డీల్స్‌నే ఇలా ముందు లాక్కుంటారు. ఇది తెలిసి డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే బేరం పూర్తయ్యేదాకా మూడోవాళ్ళ దగ్గర, ఉంటే ఇబ్బంది లేదు, అమ్మేవాడి ఖాతాలోకి వెళ్ళిపోయి ఉంటేనే టెన్షన్.

కంపెనీ నియమావళిని, అంటే ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌ని చదవండి. భారత్‌లో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో చిన్న రుసుముతో ఏ కంపెనీదైనా తీసుకోవచ్చు. షేర్ల బదిలీ అనే భాగం రెండు మూడు పేజీలే ఉంటుంది. షేర్‌హోల్డర్ల ఒప్పందం మాత్రం బయటికి దొరకకపోవచ్చు, దాన్ని అమ్మేవాడే చూపించాలి.

మా బంధువొకాయన ఒకసారి ఒక ఒప్పందం తెచ్చి చూపించారు. ఒక ఉద్యోగి తన షేర్లని "ఐపీఓ వచ్చాక బదిలీ చేస్తాను" అని స్టాంపు పేపరు మీద రాసిచ్చి, మొత్తం డబ్బు తీసేసుకున్నాడు. ఆయన తన చేతిలో షేర్లున్నాయనే నమ్మకంతో ఉన్నారు. ఉన్నది ఒక మనిషి మాట. ఆ మనిషి ఉద్యోగం మానేసినా, అప్పులపాలైనా, చనిపోయినా ఆ కాగితం పట్టుకుని కోర్టు చుట్టూ తిరగాల్సిందే. ఆ సాయంత్రం ఆయన ముఖం నాకింకా గుర్తుంది. బదిలీ ఇప్పుడు కాకపోతే డబ్బూ ఇప్పుడు వద్దు.

ఆరో అడుగు: లెక్కలు చదవడం

కనీసం మూడేళ్ళ ఆడిట్ అయిన లెక్కలు లేకుండా ముందుకి వెళ్ళొద్దు. ప్రెజెంటేషన్ స్లైడ్లు లెక్కలు కావు. భారత్‌లో కంపెనీలు ఏటా దాఖలు చేసే బ్యాలెన్స్ షీటు ఆ మంత్రిత్వ శాఖ సైటులోనే దొరుకుతుంది. అమెరికాలో ప్రైవేటు కంపెనీలకి ఆ బాధ్యత లేదు, కాబట్టి అక్కడ లెక్కలు చూపించమని మీరే పట్టుబట్టాలి.

బ్యాలెన్స్ షీటు కంటే ముందు ఆడిటర్ రిపోర్టు తిప్పండి. అభ్యంతరం ఏమైనా రాశాడా, కంపెనీ ఇక ముందు నడుస్తుందా అన్న దానిమీద అనుమానం వ్యక్తం చేశాడా, ఆడిటర్ మధ్యలో మారాడా చూడండి. బైజూస్ విషయంలో డబ్బున్న పెద్ద ఇన్వెస్టర్లకి కూడా ముందు కనబడిన సంకేతాలు ఇవే. 2021 మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు దాదాపు ఏడాదిన్నర ఆలస్యంగా బయటికొచ్చాయి. 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ రాజీనామా చేసింది. 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టిన కంపెనీ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. లెక్కలు ఆలస్యమైతే అది గుమాస్తాల బద్ధకం అని సరిపెట్టుకోకండి.

తర్వాత నగదు. ఏడాదికి ఎంత ఖర్చవుతోంది, చేతిలో ఎంత ఉంది? ఉన్నది పద్నాలుగు నెలలకే సరిపోతే, ఐపీఓ లోపు ఇంకో రౌండ్ తప్పదు. ఆ రౌండ్లో మీ వాటా పలచబడుతుంది, ధర కూడా తగ్గొచ్చు. లాభం ఉన్న కంపెనీ అయితే ఆ లాభం అసలు వ్యాపారంలోంచి వచ్చిందా, స్థలమో వాటానో అమ్మితే వచ్చిందా చూడండి. మిగతావి మీకు తెలిసినంతలో చూసుకోవచ్చు. ఆడిటర్ రిపోర్టు, నగదు, ఈ రెండూ మాత్రం వదలొద్దు.

ఏడో అడుగు: ధర సరైనదేనా

అన్‌లిస్టెడ్ మార్కెట్లో "రేటు" అని చెప్పేది ఒక డీలరు నోటిమాట. పక్క డీలరు ఇంకోటి చెబుతాడు. ఐపీఓ ప్రకటించాక, ఇష్యూ ధర మీద అనధికారంగా ఇంత అదనం అని మాట్లాడుకునే గ్రే మార్కెట్ ప్రీమియం వేరే సంగతి, దాన్నీ దీన్నీ కలపొద్దు.

నేను వాడే ఒక పద్ధతి చెబుతాను. కొనేవాడిగా కాకుండా ముందు అమ్మేవాడిగా ఫోన్ చేయండి. "నా దగ్గర ఈ కంపెనీవి రెండొందల షేర్లున్నాయి, ఎంతకి తీసుకుంటారు?" అని అడగండి. అదే రోజు ఇంకొకరి చేత అదే డీలరుకి కొంటానని ఫోన్ చేయించండి. ఆ రెండు ధరల మధ్య తేడా ఎంతుందో, షేరు మీ చేతికొచ్చిన క్షణంలోనే మీరు అంత నష్టంలో ఉన్నట్టు. తేడా పదిహేను శాతం ఉంటే నేను కొనను. "ఇప్పుడు కొనడం లేదండీ, తర్వాత చూద్దాం" అని సమాధానం వస్తే, ఆ షేరుకి కొనేవాళ్ళు లేరని తెలిసిపోయినట్టే.

రెండోది, ధరని మొత్తం షేర్లతో గుణించండి. నాలుగో అడుగులో అడిగిన పూర్తి షేర్ల సంఖ్య ఇక్కడ కావాలి. వచ్చిన విలువని అదే వ్యాపారం చేస్తున్న లిస్టెడ్ కంపెనీలతో పోల్చండి: లాభానికి ఎన్ని రెట్లు, లాభం లేకపోతే అమ్మకాలకి ఎన్ని రెట్లు. రేపో మాపో లిస్టయ్యే కంపెనీ అంటూ లిస్టెడ్ కంపెనీల కంటే ఎక్కువ ధర అడిగితే ఎందుకివ్వాలి? మీరు అమ్ముకోలేని షేరు కొంటున్నారు, కాబట్టి మీకే తగ్గింపు రావాలి. డీమ్యాట్ షేర్లని భద్రపరిచే సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ 2025లో 800 రూపాయల ఇష్యూ ధరతో వచ్చింది. దానికి ముందు అన్‌లిస్టెడ్ ధర వెయ్యి దాటి ఉంది. అమెరికా కిరాణా డెలివరీ కంపెనీ ఇన్‌స్టాకార్ట్‌కి 2021లో 39 బిలియన్ డాలర్ల విలువ కట్టారు, 2023 సెప్టెంబరులో ఐపీఓ ధర ప్రకారం సుమారు 10 బిలియన్లు తేలింది. ఇష్యూ ధర నిర్ణయించే బ్యాంకర్లకి మీరు ఎంత పెట్టి కొన్నారో అక్కర్లేదు.

బోనసో (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) స్ప్లిట్టో (ఒక షేరుని కొన్ని చిన్న షేర్లుగా విడగొట్టడం) ఉందేమో కూడా అడగండి. ఒకటికి నాలుగు బోనస్ ఇచ్చాక కూడా పాత ధర చెప్పి అమ్మజూసేవాళ్ళుంటారు.

ఎనిమిదో అడుగు: కొనుగోలు జరిపే రోజు

భారత్‌లో అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీల షేర్లు 2018 అక్టోబరు నుంచి డీమ్యాట్‌లోనే చేతులు మారాలి. కాబట్టి పాత కాగితపు సర్టిఫికెట్ చూపిస్తే తీసుకోవద్దు. కంపెనీ పేరు కాదు, ప్రతి రకం షేరుకీ వేరుగా ఉండే ఐఎస్‌ఐఎన్ నంబరు అడిగి, డీమ్యాట్ షేర్లని భద్రపరిచే డిపాజిటరీ సైటులో సరిచూడండి. ఒకే గ్రూపులో ఒకేలాంటి పేర్లున్న కంపెనీలుంటాయి. ఈక్విటీ ఐఎస్‌ఐఎన్ వేరు, ప్రిఫరెన్స్ ఐఎస్‌ఐఎన్ వేరు.

డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి ఇన్వాయిస్ మీదున్న పేరు ఖాతాకే వెళ్ళాలి. "ఇది మా పార్ట్‌నర్ అకౌంటు" అంటే వద్దనండి. ఇక్కడ సాధారణంగా ముందు డబ్బు, తర్వాత షేర్లు అనే పద్ధతి నడుస్తోంది కాబట్టి మొదటిసారి వాళ్ళు ఇచ్చే అతి చిన్న లాటుతో మొదలుపెట్టండి. అది మీ డీమ్యాట్‌లోకి వచ్చి, డిపాజిటరీ పంపే స్టేట్‌మెంటులో కనబడ్డాకే మిగతాది. డీలరు పంపే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. ఎక్స్ఛేంజీ బయటి బదిలీకి 0.015 శాతం స్టాంపు డ్యూటీ ఉంటుంది, ధరలో అది కలిసిందో లేదో అడగండి.

అమెరికాలో అయితే బ్రోకరు పేరు, అక్కడ బ్రోకర్లని నియంత్రించే ఫిన్రా వాళ్ళ బ్రోకర్‌చెక్‌ సైటులో ఒకసారి కొట్టి చూడండి, అయిదు నిమిషాల పని.

ఇన్వాయిస్, బ్యాంకు స్టేట్‌మెంట్, బదిలీ వివరాలు ఒక్క ఫైల్లో పెట్టుకోండి. నాలుగేళ్ళ తర్వాత మీ కొనుగోలు ధర నిరూపించేవి అవే.

తొమ్మిదో అడుగు: లాకిన్, పన్ను, అమ్మకం

ఐపీఓ వచ్చిందని మొదటిరోజే అమ్మలేరు. భారత్‌లో ప్రమోటర్లు కాని పాత షేర్‌హోల్డర్లకి, ఐపీఓ కేటాయింపు తేదీ నుంచి సాధారణంగా 6 నెలల లాకిన్ ఉంటుంది. 2021కి ముందు అది ఏడాది. అమెరికాలో ఒప్పందం ప్రకారం మామూలుగా 180 రోజులు. ఆ ఆరు నెలలూ ధర పెరిగినా పడినా మీరు చూస్తూ ఉండాల్సిందే. 2021 నవంబరులో పేటీఎం 2,150 రూపాయలకి ఐపీఓకి వచ్చి తొలిరోజే 27 శాతం పడింది. లాకిన్‌లో ఉన్న చిన్న ఇన్వెస్టర్ పరిస్థితి ఊహించుకోండి. అందుకే కొనేముందే ఇష్యూ ధరని కాదు, లిస్టింగ్ తర్వాత ఆరు నెలలకి ఉండే ధరని ఊహించి లెక్క వేయాలి.

భారత్‌లో అన్‌లిస్టెడ్‌గా ఉండగానే అమ్మితే, 24 నెలలు దాటాకే అది దీర్ఘకాలిక లాభం అవుతుంది. 2024 జూలై 23 నుంచి దానిమీద పన్ను 12.5 శాతం, ధరల పెరుగుదల మేరకు కొన్న ధరని పెంచి లెక్కించే ఇండెక్సేషన్ లేదు. లోపు అమ్మితే మీ శ్లాబు ప్రకారం. లిస్టయ్యాక ఎక్స్ఛేంజీలో అమ్మితే 12 నెలల లెక్క వర్తిస్తుంది. అమ్మకపోయినా సరే, ఏడాదిలో ఎప్పుడైనా అన్‌లిస్టెడ్ ఈక్విటీ షేర్లు మీ పేరు మీద ఉంటే ఐటీఆర్-1 దాఖలు చేయకూడదు. వాటి వివరాలు అడిగే ఫారమే వాడాలి. చాలామంది ఉద్యోగులు ఇది తెలియక తప్పు ఫారం నింపుతున్నారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి అమ్మే ఏడాది సీఏని ఒకసారి అడగండి.

లాకిన్ తీరే తేదీని రాసుకోండి, ఎందుకంటే అదే రోజు మీలాంటివాళ్ళందరి షేర్లూ మార్కెట్లోకి రావచ్చు. 2012లో ఫేస్‌బుక్‌కి ఆగస్టులో మొదటి లాకిన్ తీరినరోజు ధర ఆరు శాతం దాకా పడింది. నవంబరులో అంతకంటే దాదాపు మూడు రెట్లు షేర్లకి లాకిన్ తీరినరోజు మాత్రం పన్నెండు శాతం పెరిగింది. ఆ ఒక్క రోజుని ముందే చెప్పగలనని నేననుకోను. ఎంత ధరకి ఎన్ని అమ్ముతానో కొన్నరోజే కాగితం మీద రాసి ఆ ఫైల్లోనే పెడతాను, ఆరోజు వచ్చాక సగం అమ్మి మిగతా సగం గురించి ఆలోచిస్తాను.

చివరిగా ఒక చిన్న పని. ఈ షేర్ల ధర ఏ టీవీ స్క్రోలింగులోనూ రాదు, బ్రోకరు యాప్‌లో కూడా చాలాసార్లు విలువ సున్నా అనే చూపిస్తుంది. మీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళకి ఇవి ఉన్నాయని తెలిసే అవకాశమే లేదు. డీమ్యాట్‌కి నామినీని పెట్టండి. ఫైలు ఎక్కడుందో, కంపెనీ పేరేంటో, ఎవరి ద్వారా కొన్నారో ఇంట్లో ఒక్కరికైనా కూర్చోబెట్టి చెప్పండి.